రామకోటిలో నా ఎనిమిది పేజీలు

నిన్న జార్జి టౌన్‌లో కుళాయి సామాను కొంటే, కొట్టాయన బిల్లు పుస్తకంలో నీలం కార్బన్ కాగితం దూర్చి రాసిచ్చాడు. మైనం, మసి కలిసినట్టుండే ఆ వాసన తగలగానే, యాభై దాటినవాణ్ణి, చేతులు వెనక్కి దాచుకోబోయాను.

నా చిన్నప్పుడు అక్కడికి రెండు సందుల అవతలే మా ఇల్లు. కింద నాన్న స్టేషనరీ కొట్టు, పైన మేము. ఎండలు ముదిరే ఆ రోజుల్లో చింతపండు మూటల పులుపు వాసన, తోపుడుబండ్ల వాళ్ళ కేకలు, వీధిలో బంతి గోడకు తగిలే చప్పుడు, అన్నీ కలిసి కిటికీలోంచి లోపలికి వచ్చేవి. ఆ కిటికీ కిందే కూర్చుని అవ్వ పద్నాలుగేళ్ళుగా రామకోటి రాస్తోంది. శ్రీరామనవమికి భద్రాచలంలో సమర్పిస్తానని మొక్కు. ఆఖరి నోటుపుస్తకం సగంలో ఉండగా స్నానాలగదిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మిగతాది నాకప్పజెప్పింది. నాకప్పుడు పదకొండేళ్ళు.

నోటితో అంటూ చేత్తో రాయాలి, మధ్యలో లేవకూడదు. మూడో వరుసకే అరికాలు దురద పెట్టేది, దాహమేసేది, చూపు వీధిలోకి పోయేది.

"ఏమిరా, రాముడికి కూడా బ్యాటిచ్చి ఆడికి తోలినావా?" అనేది అవ్వ.

"మనసు రాలేదవ్వా."

"రాకపోతే పోనీలే. చెయ్యి ఈడ ఉండనీ. అది యెనకాల్నే వస్తాది."

దాని కోసం నేను ఆగలేదు. కొట్లోంచి కార్బన్ కాగితం తెచ్చి పేజీ కింద పెట్టాను. ఒకటి రాస్తే రెండు. అలా ఎనిమిది పేజీలు తప్పించుకుని వీధిలో పరుగులు తీశాను. సాయంత్రాలు అవ్వ ప్రతి పేజీ తడిమి కళ్ళకద్దుకునేది. ఒకరోజు ఆమె వేలికి నీలం అంటింది.

"ఇంకు ఆరలేదేమిరా?"

"కొత్త పెన్నవ్వా."

"సెరి."

నవమికి అయిదు రోజులుందనగా, ఆట మధ్యలో నీళ్ళకని మేడెక్కినవాణ్ణి గుమ్మం దగ్గర ఆగిపోయాను. కట్టు అప్పుడే విప్పిన వాచిన చేత్తో, పెదవులు కదుపుతూ, అవ్వ నా కార్బన్ అక్షరాలను ఒక్కొక్కటే దిద్దుతోంది. నాలుగు పేర్లకోసారి పెన్ను కింద పెట్టి మణికట్టు పట్టుకుంటోంది. లోపలికెళ్ళి ఆ పెన్ను అందుకోవలసింది. చప్పుడు కాకుండా మెట్లు దిగి ఆటకు పోయాను.

ప్రయాణం రోజు పొద్దున, సంచులు గుమ్మంలో పెట్టుకుని మేనత్త రైలుకు తొందరపెడుతుంటే అవ్వ కదలలేదు.

"ఇంకా నిండలా. మీరు పొయ్యిరాండి."

నా వంక చూడలేదు. మరుసటేడు ఆమెకు మెట్లు దిగే ఓపిక లేకపోయింది. చెయ్యి విరగబట్టి మొక్కు తీరలేదని ఇంట్లో అందరూ అన్నారు. నేనూ అన్నాను.

ఆ ఇల్లిప్పుడు పార్సిల్ గోడౌను, కిటికీని ఇటుకలతో మూసేశారు. షోళింగనల్లూరు ఫ్లాటులో ఏడాదిగా నేనూ రామకోటి రాయడానికి కూర్చుంటున్నాను. అరపేజీ కాకముందే ఏదో ఒక పని గుర్తొస్తుంది, లేచిపోతాను.

నిన్న ఇంటికి రాగానే మేనత్తకు ఫోను చేసి ఉన్నదంతా చెప్పాను.

"తెలుసులేరా," అందావిడ. "మా అమ్మ చానా దినాలు చూసింది, నువ్వే వచ్చి చెప్తావని."

ఈ ఉదయం ఒక్క పేజీకి గంటన్నర పట్టింది. రెండుసార్లు లేచాను, రెండుసార్లూ తిరిగొచ్చి కూర్చున్నాను. పూర్తయ్యాక ఎవరికైనా చూపించాలనిపించింది. మా ఇంట్లో ఇప్పుడు తెలుగు చదవగలిగేది నేనొక్కణ్ణే.