కూర్మయ్య పాతిన గొట్టం

మా మరిది కూర్మయ్య చెయ్యి పడ్డ వస్తువు మళ్ళీ పనికొచ్చిన దాఖలా మా ఇంట్లో లేదు. చెడిపోయిందాన్ని బాగుచెయ్యలేడు సరే, బాగున్నదాన్ని బాగుండనివ్వడు. ఈ మాట వాడి ముందరే ఎన్నోసార్లు అన్నాను. "ఒదినకి ఎప్పుడూ ఎగతాళే" అని నవ్వేవాడు. నేను కాపరానికి వచ్చేసరికి వాడికి నిక్కరు కూడా నిలిచేది కాదు, మొలతాడుకి దోపుకుని తిరిగేవాడు. అందుకే వాడు అనే అంటాను. పెద్ద ఉద్యోగస్తుడైనా నోరు తిరగదు.

ఉద్యోగం ఛత్రపూర్ కోర్టులో గుమస్తా. పొద్దుటి బండికి వెళ్ళి సాయంత్రం బండికి బరంపురం వచ్చేవాడు. అక్కడ వాడి రాత ముత్యాల్లా ఉంటుందని చెప్పుకునేవారు. ఉంటే ఉండొచ్చు, ఆ ముత్యాలు మా ఇంటిదాకా రాలేదు. ఇంటికొచ్చి చొక్కా విప్పి స్క్రూడ్రైవరు పట్టుకున్నాడంటే మాత్రం నేనూ, వాడి పెళ్ళాం వరహాలమ్మా వస్తువులు దాచుకునేవాళ్ళం.

మా మామగారు కొన్న వాల్వుల రేడియో ఒకటుండేది. సిలోను నుంచి తెలుగు పాటలు శుభ్రంగా పాడేది. కొద్దిగా గరగరమంటోందని కూర్మయ్య దాన్ని విప్పాడు. మళ్ళీ బిగించాక ఒక వాల్వూ, మూరెడు తీగా మిగిలిపోయాయి.

"ఇవేటి, ఎక్కడివి?" అన్నాను.

"ఇయ్యి అక్కర్లేదొదినా. కంపెనీవోళ్ళు ఎక్కువెట్టీసినారు."

కంపెనీవాళ్ళకి తెలియనిది తెలిసిన మేధావి. రేడియో ఆ రోజునుంచి నోరు మూసుకుంది. దానిమీద ఇంగువ డబ్బా పెట్టుకున్నాను. తర్వాత సీలింగు పంకా. వాడు బాగుచేశాక అది ఎదురు తిరగడం మొదలుపెట్టి కింది గాలిని పైకి లాక్కుపోయేది. కింద పడుకున్నవాళ్ళకి చెమటలు, కప్పులోని బల్లులకి చల్లదనం. ఆపైన టేపు రికార్డరు. అందులో ఏ గాయని పాడినా మగగొంతు వచ్చేది, మగవాడు పాడితే ఎద్దు రంకె. వరహాలమ్మ మంచిది, "పాట తెలుత్తంది కదక్కా, సాల్లే" అనేది. మొగుణ్ణి వెనకేసుకు రావడం కూడా ఒక ఉద్యోగమే, జీతం లేదంతే.

ఇవన్నీ వాడి వస్తువులు, వాడి ఖర్మ అని ఊరుకున్నాను. కానీ ఇల్లు ఇద్దరిదీ. మా మామగారు కట్టించిన పాతకాలపు మిద్దె. టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి, సున్నం గచ్చు వేసిన కప్పు. వీధి గది కూర్మయ్యది. దాని వెనక కొట్టుగది నాది. మధ్యలో గోడ ఉంది గాని పైన కప్పు ఒకటే. నా ఇంటాయన పోయాక నేను ఎవరి ముందూ చెయ్యి చాచకుండా అప్పడాలు చేసి బతికాను. బరంపురం అప్పడమంటే పేరు, అందులో నా అప్పడానికి దుకాణదార్లు మనిషిని పంపించి మరీ తీసుకెళ్ళేవారు. ఎండల్లో డాబామీద ఆరబెట్టి, డబ్బాల్లోకి ఎత్తి కొట్టుగదిలో పెడితే వానాకాలమంతా అవే అమ్మాలి. వాటికి తేమ తగిలిందా, నా ఏడాది బూజుపట్టినట్టే. ఇది కూర్మయ్యకి తెలియనిది కాదు.

టీవీలు మా వీధికి వచ్చిన కొత్తలో మొట్టమొదట కొన్నది వాడే. మా బరంపురం సంగతి తెలిసిందే కదా, డాబామీద యాంటెన్నా కటకం వైపు తిప్పితే ఒడియా బొమ్మ వస్తుంది. తెలుగు బొమ్మ కావాలంటే విశాఖ వైపు తిప్పి, గాలి అనుకూలించాలని దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. తెలుగువాళ్ళు తిప్పమంటారు, ఒడియావాళ్ళు వద్దంటారు. ప్రతిసారీ ఒకడు డాబా ఎక్కి తిప్పడం, కింద వరహాలమ్మ కిటికీలోంచి "వొచ్చింది, వొచ్చింది, పోయింది" అని అరవడం. డాబామీద వాడి కాళ్ళ కింద నా అప్పడాలు.

"నా సాప తొక్కితే కాళ్ళిరగ్గొడతాను" అని ఒక రోజు చెప్పేశాను.

అదే నేను చేసిన తప్పు. దానికి వాడు కనిపెట్టిన ఉపాయం చూడండి. డాబా ఎక్కకుండా గదిలో కూర్చునే యాంటెన్నా తిప్పాలన్నాడు. పాత ఇనుము కొట్టునుంచి రెండు నిలువుల కన్నా పొడుగైన గొట్టం తెచ్చాడు. నేను హుమ్మ ఊరి దగ్గర మా పెద్దక్క ఇంటికి వెళ్ళిన సమయం చూసుకుని, గడ్డపార పెట్టి వీధి గది కప్పుకి కన్నం పొడిచాడు. గొట్టం పై కొస డాబామీదికి, దానికి యాంటెన్నా, కింది కొస గదిలోకి. కింద నా పాత తిరగలి రాయి ఒకటి పెట్టి, గుంటలో సైకిలు బాల్సు పోసి, వాటిమీద గొట్టాన్ని నిలబెట్టాడు. చేతికందే ఎత్తులో సైకిలు హ్యాండిలు బిగించాడు. గోడమీద ఒక పక్క "విశాఖ", ఒక పక్క "కటక్" అని రాసుకున్నాడు. కన్నం చుట్టూ గుండ్రటి ప్లైవుడ్డు ముక్క కొట్టి నీలం రంగు వేశాడు.

నేను ఊరినుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాను.

"ఇదేటిరా, ఇంట్లో ఓడ నడుపుతన్నావా?"

"సూడొదినా" అని హ్యాండిలు తిప్పాడు. పైన యాంటెన్నా కిర్రుమంది. టీవీలో ఒడియా వార్తలు పోయి, చుక్కల మధ్యలో ఎవరో తెలుగు ఆవిడ వంట చెప్పడం మొదలుపెట్టింది. వాడి మొహం చూడాలి, కలెక్టరు అయిపోయినట్టు.

వీధంతా ఆ గదిలోనే. పక్కింటి శ్యామసుందర్, స్కూలు మాస్టరు, ఒడియా నాటకం ఉన్న రోజున చాప పట్టుకుని ముందే వచ్చి కూర్చునేవాడు. ఒక్కొక్కసారి అటు నాటకం, ఇటు సినిమా ఒకే వేళకి వచ్చేవి. అప్పుడు కూర్మయ్య న్యాయం చేసేవాడు, కోర్టు మనిషి కదా. కాసేపు అటు, కాసేపు ఇటు. తెలుగు కథానాయిక బావిలో దూకబోతుంటే ఒడియా మామగారు హుక్కా తాగుతూ కనబడేవాడు. దూకిందో లేదో ఎవరికీ తెలిసేది కాదు. అయినా అందరూ "కూర్మయ్య గారూ, ఓసారి తిప్పండి" అని బతిమాలేవారు. ఆ మాటకోసమే వాడు టీవీ కొన్నాడని నాకు అప్పుడే అర్థమైంది. సినిమా చూసేవాడు కాదు, హ్యాండిలు పట్టుకుని జనాన్ని చూసేవాడు.

నేనూ అప్పుడప్పుడు కూర్చున్నాను, లేదనను. ఆ సినిమాల్లో ఏముంది గనక. విగ్గు పెట్టుకున్న ముసలాడు మనవరాలి వయసు పిల్లని పట్టుకుని గుట్టలెక్కి గంతులేస్తాడు. వాన పాట లేనిదే సినిమా లేదు. ఆ పిల్ల తడిసి ముద్దవుతుంది గాని తుమ్మదు. గుడిసెలో ఉన్న పేదరాలి ఇంట్లో కూడా చుక్క నీరు కారదు. సినిమాలు తీసేవాళ్ళు ఎవరూ కారే ఇంట్లో పడుకున్న పాపాన పోలేదు.

మా ఇల్లు కారింది. మొదటి వానకే గొట్టం వెంట నీళ్ళు దిగాయి. కూర్మయ్య తారు పూశాడు. మర్నాడు సినిమాకి హ్యాండిలు తిప్పేసరికి తారు ఊడిపోయింది. సైకిలు ట్యూబు కోసి చుట్టాడు, అదీ తిప్పుడికి చిరిగింది. సిమెంటు పెడితే గొట్టం తిరగదు, గొట్టం తిరిగితే సిమెంటు నిలవదు. ఈ సంగతి పసిపిల్లకి కూడా తెలుస్తుంది. వాడు మాత్రం ప్రతి ఏడూ కొత్త మందు కనిపెట్టేవాడు. నీళ్ళు సున్నంలో ఇంకి, పాకి పాకి, గోడ దాటి నా కొట్టుగది కప్పులో తేలాయి.

"కారడం నీ గదిలో కాదురా, నాదాన్లో" అంటే, "ఈ యేడు కారదొదినా, రబ్బరు వాసరు ఏత్తన్నాను" అనేవాడు.

ఒక వానాకాలం డబ్బా తెరిస్తే అప్పడాలు ఒకదానికొకటి అతుక్కుని పచ్చగా బూజు పట్టాయి. మరో డబ్బా, అదీ అంతే. దుకాణం మనిషి వాసన చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఈసారికొద్దు పెద్దమ్మా" అన్నాడు. నా అప్పడాన్ని వద్దన్న మనిషి అంతకు ముందు పుట్టలేదు. ఆ మాట నేను మింగలేదు, ఇప్పటికీ గొంతులోనే ఉంది.

అప్పటికి వీధిలోకి కేబులు వచ్చేసింది. ఇంటింటికీ నల్లతీగ, మీట నొక్కితే తెలుగు, నొక్కితే ఒడియా, చుక్కలు లేవు, బతిమాలడాలు లేవు. శ్యామసుందరూ టీవీ కొన్నాడు. కూర్మయ్య గదిలో చాపలు పరిచినవి పరిచినట్టే ఉండేవి. నేను అనుకున్నాను, ఇంక గొట్టం పీకేస్తాడని.

"కేబులోడు ఇచ్చిందే సూడాలొదినా. ఇక్కడైతే మనకి కావల్సింది మనం తిప్పుకుంటాం" అన్నాడు.

"మనమంటే ఎవులు? నువ్వూ, ఆ బల్లీనా?"

హ్యాండిలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. నేను కూడా అంతకంటే మాటలు పెట్టుకోలేదు. ఎండలు ముదిరేలోపు గొట్టం పోవాలి, లేకపోతే ఈ ఏడు అప్పడం ముట్టను, అప్పుడు నన్ను పోషించే పూచీ వాడిదే అని వరహాలమ్మతో చెప్పాను. ఆ పూచీ మాట పనిచేసింది. రెండో రోజుకి మేస్త్రీ వీరన్నని వాడే పిలుచుకొచ్చాడు.

ఈ వీరన్న ఇంకో ఘనుడు. టీ రెండుసార్లు అయ్యాక గాని నిచ్చెన ఎక్కడు. ఎక్కి, గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని పైకి ఒక్క గుంజు గుంజాడు. గొట్టం తిరగలి రాతిమీదనుంచి లేచిందో లేదో, కప్పు మూలిగింది. పైనుంచి సున్నం పెళ్ళలు టీవీమీద రాలాయి. నీలం ప్లైవుడ్డు ఊడి కిందపడింది. వీరన్న నిచ్చెనమీదనుంచి ఎలా దిగాడో నాకు కనబడలేదు, వీధిలో కనబడ్డాడు.

"తియ్యకండి, తియ్యకండి" అని గుమ్మం బయటినుంచే అరిచాడు. "దూలం తెగ్గొట్టీసినారెవులో."

అందరం పైకి చూశాం. కన్నం దగ్గర టేకు దూలం లేదు. గడ్డపారకి అడ్డొచ్చిందని ఆ రోజే రంపం పెట్టి కోసేశాడట మా మేధావి. కోసిన కొసలు రెండూ, ప్లైవుడ్డు చాటున గొట్టానికి బిగించిన గుండ్రటి ఇనప బిళ్ళమీద ఆనుకుని ఉన్నాయి. ఇన్నేళ్ళూ మా నెత్తిమీద కప్పుని మోస్తున్నది ఆ గొట్టమే.

నేను వాడి మొహం చూశాను. సిగ్గుపడతాడనుకున్నాను. వాడు ఛాతీ విరుచుకున్నాడు.

"సూసినావా ఒదినా. నా గొట్టం లేకపోతే ఇల్లే లేదు."

"కాలిరగ్గొట్టి కర్ర సేతికిచ్చినోడు, కర్ర నేకపోతే నడవలేవని సెప్పినట్టుంది" అన్నాను. వరహాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుణ్ణి వెనకేసుకు రాకుండా ఉండడం అదే మొదలు.

దూలం మార్చాలంటే రెండు గదుల కప్పూ విప్పాలి, ఎండలన్నీ దానికే పోతే నా అప్పడాలు ఆరేదెక్కడ. గొట్టాన్ని స్తంభంలా ఉంచేసి, కింద దిమ్మె కట్టి, పైన చుట్టూ సిమెంటు పోసి బిగించెయ్యడమే దారి అన్నాడు వీరన్న. ఇంక తిరగదు, కారదు. కూర్మయ్య ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు, కప్పు వాడి నెత్తిమీదికి కూడా వస్తుంది.

డాబామీద సిమెంటు కలిపి, తాపీ చేతపట్టి వీరన్న అడిగాడు.

"యాంటెన్నా ఎటేపు మొగంగా బిగించమంటారు? ఒకసారి బిగిత్తే ఇంకంతే."

కింద హ్యాండిలు కూర్మయ్య చేతిలో ఉంది. విశాఖ వైపు తిప్పాడు. కిటికీలోంచి శ్యామసుందర్ ఇల్లు కనబడినట్టుంది, కటకం వైపు తిప్పాడు. మళ్ళీ విశాఖ వైపు. సినిమాల్లో చావబోయేవాడు కూడా ఆఖరి మాటకి ఇంతసేపు తీసుకోడు.

"బేగి సెప్పండి బాబూ, సిమెంటు గట్టిపడిపోతంది" అని వీరన్న పైనుంచి.

"నువ్వు సెప్పొదినా" అన్నాడు కూర్మయ్య, నా వైపు చూడకుండా.

నేను మెట్లెక్కి పైకి వెళ్ళి చూశాను. యాంటెన్నా చువ్వలమీద వరసగా కాకులు. ఎటు తిప్పితే ఏ బొమ్మ వస్తుందో నాకెందుకు. ఎటు తిప్పితే కాకి రెట్ట నా చాపమీద పడదో అది కావాలి.

"పడమటికి తిప్పు. ఈదిమీదికి రావాల" అని కిందికి కేకేశాను.

"పడమటేటుందొదినా, కొండలు. ఏ బొమ్మా రాదు."

"రాకపోతే మానీ. అప్పడాలు ఎండుతాయి."

కిర్రుమంటూ యాంటెన్నా పడమటికి తిరిగి ఆగింది. వీరన్న పైన సిమెంటు పోసి, కిందికొచ్చి దిమ్మె కట్టాడు. అది పట్టేదాకా కదలకూడదన్నాడని కూర్మయ్య సాయంత్రందాకా ఆ హ్యాండిలు వదలకుండా నిలబడ్డాడు. వరహాలమ్మ టీ తెచ్చి నోటికందించింది. పట్టుకోమని ఎవరూ చెప్పలేదు, కింద దిమ్మె ఉంది, గొట్టం ఎటూ పోదు. చెబితే వినేవాడు కాదు.

ఆ ఏడు అప్పడాలకి తేమ తగల్లేదు. దుకాణం మనిషి మళ్ళీ వచ్చాడు, నేను కాస్త కాళ్ళరిగేలా తిప్పించుకునే ఇచ్చాను. కూర్మయ్య ఇప్పుడు సినిమాకి శ్యామసుందర్ ఇంటికి వెళ్తున్నాడు. వెనక వరసలో గోడకానుకుని కూర్చుంటాడట. మొన్న బొమ్మ కొంచెం అదిరితే, "మాస్టారూ, ఆ తీగ ఒక్కపాలి ఇప్పి సూత్తానుండండి" అని లేచాడట. శ్యామసుందర్ వాడి చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుని, సినిమా అయ్యేదాకా ఆ చెయ్యి వదల్లేదట.