నవ్వావని కూడా రాయి

లారీ ఆఫీసులో ఆయన్ని పెద్ద గుమాస్తా అనేవారు. ఇంట్లో మాత్రం చిటపట బాబాయ్. ముక్కు మీద కోపం అంటారే, అది ఆయన్ని చూసే పుట్టిందేమో! కాఫీ చల్లారితే కోపం, ఫోను మోగి ఆగిపోతే కోపం, చొక్కా గుండీ ఊడితే ఆ చొక్కా కుట్టినవాడి ఏడు తరాల మీద కోపం. ఆఫీసులో నల్లజుట్టుతో వచ్చి కూర్చున్న కుర్చీలోనే జుట్టు తెల్లబడింది. ఇన్నేళ్ళలో యజమాని ఆయనతో ఒక్కసారైనా బాగా చేశావయ్యా అన్న పాపాన పోలేదు. ఆ బాధ ఆయన పైకి చెప్పేవాడు కాదు. అన్నిటికీ అరిచే మనిషి దానికి మాత్రం నోరు విప్పేవాడు కాదు.

ఆయనకు ఈ లోకంలో కోపం రానిది ఒక్కరి మీదే, అన్నగారి కూతురి మీద. పీలగా ఉండి రోజంతా కిచకిచలాడుతూ ఉంటుందని చిన్నప్పుడే పిచ్చుక అని పేరు పెట్టాడు. ఆ పిచ్చుక ఇప్పుడు కాలేజీలో చివరి ఏడాది. చదివేది దొంగల బారినుంచి కంప్యూటర్లను కాపాడే చదువు. చదువైతే చదివింది కానీ ఉద్యోగం మాత్రం ఎక్కడా అంటుకోలేదు. వెళ్ళిన చోటల్లా కాగితాలు తిరగేసి, "కబురు చేస్తాం" అనేవారు. ఆ కబురు ఇంతవరకూ ఏ ఇంటికీ వచ్చిన దాఖలా లేదు.

చివరికి వాళ్ళ మాస్టారే కుండబద్దలు కొట్టాడు. "మీ క్లాసులో అందరి దగ్గరా అవే సర్టిఫికెట్లు. ప్రాజెక్టులు చూస్తే అన్నీ ఒకే కొట్లో కొన్నవి. ఉద్యోగం ఇచ్చేవాడికి మీరంతా ఒకే అచ్చులో పోసిన ఇటుకలు. ఏ ఇటుకని తియ్యాలో వాడికేం తెలుస్తుంది? చిన్నదైనా సరే, సొంతంగా ఒక్క పని చేసి చూపించు తల్లీ!"

పిచ్చుక ఆలోచించి ఆలోచించి ఇంట్లోవాళ్ళనే పరీక్షకు పెట్టుకుంది. దొంగలు పంపే మెయిళ్ళలాంటివి తనే తయారుచేసి, మన ఇళ్ళలో ఎంతమంది మోసపోతారో, ఎందుకు మోసపోతారో చూస్తానంది. దొంగచాటుగా కాదు, అందరినీ అడిగే మొదలుపెట్టింది. బాబాయ్ అయితే మీసం మెలేశాడు.

"పంపుకో! నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు."

పుట్టింది, ఆయన చేతుల్లోనే పెరిగింది. కొన్నాళ్ళకి ఆయనకు ఆఫీసు పేరుతో ఒక మెయిలు వచ్చింది. ఈ ఏడాది ఉత్తమ ఉద్యోగుల జాబితా తయారైంది, మీ పేరు చూసుకోవడానికి ఇక్కడ నొక్కండి అని దాని సారాంశం. బాబాయ్ నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాడు. రాలేదు. కళ్ళు చికిలించుకుని మూడోసారి కూడా నొక్కాడు.

ఆ తర్వాతి ఆదివారం అన్నగారింట్లో భోజనాలు. తిన్నాక పిచ్చుక లేచి, చేసిన పనంతా టీవీలో బొమ్మలు వేసి చూపించింది. వాళ్ళమ్మ ఒకసారి నొక్కింది, పిన్ని అసలు మెయిలే చూడలేదు, తాతయ్య కళ్ళజోడు దొరక్క తప్పించుకున్నాడు. అందరికన్నా పొడుగ్గా ఎర్ర గీత ఒకటి. దాని కింద "బాబాయ్, మూడుసార్లు".

ముందు నవ్వింది పిచ్చుకే. కడుపు పట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలిపోయి మరీ నవ్వింది. ఆ నవ్వు అందరికీ పాకింది. "ఉత్తమ ఉద్యోగి గారూ, సన్మానం ఎప్పుడండీ?" అన్నాడు అన్నయ్య. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆఖరికి కట్టుకున్న పెళ్ళాం కూడా మొహం అటు తిప్పుకుని భుజాలు కదుపుతోంది. బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. అరుస్తాడనుకున్నారు అందరూ. అరవలేదు. చెప్పులేసుకుని బయటికి నడిచాడు. అరిచే మనిషి అరవలేదంటే దెబ్బ ఎక్కడ తగిలిందో ఒక్కరికైనా తట్టొద్దూ? తట్టలేదు. "కోపం చల్లారాక అతనే వస్తాడులే" అనుకుని పళ్ళు కోసుకున్నారు.

ఆయన కోపం చల్లారలేదు. అన్నగారి గడప తొక్కడం మానేశాడు. పిచ్చుక ఫోను చేస్తే ఎత్తలేదు.

ఇలా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో ఆయనకు ఇంకో మెయిలొచ్చింది. మీరు పంపిన సరుకు చిరునామా తప్పై తిరిగొచ్చింది, వివరాలు ఇందులో ఉన్నాయి అని. తిరిగొచ్చే సరుకులు రోజూ ఉండేవే. పక్కన డ్రైవరొకడు సంతకం కోసం నిలబడి నసుగుతున్నాడు. వాణ్ణి కసురుతూనే మెయిలు తెరిచాడు. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ వెలిగింది. లోపల వివరాలూ లేవు, సరుకూ లేదు.

ఇది పిచ్చుక పంపింది కాదు, అసలు దొంగలదే అని ఆయనకు వెంటనే తెలిసిపోయింది. చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది. కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు పక్క వీధిలోనే ఉంటాడు, ఒక్క కేక వేస్తే పరిగెత్తుకొస్తాడు. కానీ ఆ చెయ్యి ఫోనెత్తలేదు. ఎత్తితే ఏమని చెప్పాలి? మళ్ళీ నొక్కానని చెప్పాలా? తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చున్నాడు. తలనొప్పని చెప్పి పెందలాడే ఇంటికొచ్చేశాడు. ఆ పూట పిన్ని ఏమడిగినా కస్సుమన్నాడు.

తెల్లారేసరికి ఆఫీసు మొత్తం కొంప మునిగింది. ఒక్క కంప్యూటరూ తెరుచుకోదు. ఏ లారీలో ఎవరి సరుకుందో తెలీదు, ఎవరికి అప్పగించాలో తెలీదు. గేటు ముందు లారీలు బారులు తీరాయి, వాటి హారన్లకు చెవులు చిల్లులు పడుతున్నాయి. అప్పుడు చెప్పాడు బాబాయ్, తనే నొక్కానని. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు! బాగుచేసే కుర్రాడు తల పట్టుకున్నాడు.

"నిన్ననే ఒక్క మాట చెప్పుంటే మీ కంప్యూటరొక్కటే పోయేది సార్. వైరు పీకేస్తే సరిపోయేది."

యజమాని సంగతి చెప్పనక్కర్లేదు. కంప్యూటర్లకి తాళం వేసుకునే జ్ఞానం ఏనాడూ లేని ఆ మహానుభావుడు తప్పంతా పెద్ద గుమాస్తా నెత్తిన రుద్దాడు. పనిలోంచి తీసెయ్యలేదు కానీ, కుర్చీ లాగేశాడు. వెనక గోడౌన్లో దింపిన పెట్టెలు చూసుకోమన్నాడు. ఇన్నేళ్ళ చాకిరీకి దక్కిన సన్మానం అదీ!

సంగతి తెలిసి పిచ్చుక గోడౌనుకే వచ్చింది. పెట్టెల మధ్య నిలబడి, చేతిలో కాగితాలు నలుపుకుంటోంది. ఆమెకు రెండు రోజుల్లో ఇంటర్వ్యూ. దొంగ మెయిళ్ళకి మోసపోయినవాళ్ళు ఫోను చేస్తే సాయం చేసే కంపెనీ అది, ఊళ్ళో మిగిలింది అదొక్కటే. అదీ పోతే చదివిన చదువు గట్టున పెట్టి, ఏ కొట్లోనో బిల్లులు కొట్టుకోవాల్సిందే.

"బాబాయ్, ప్రాజెక్టులోంచి నీ సంగతి తీసేశాను."

అంతే! అరికాలి మంట నెత్తికెక్కింది ఆయనకి.

"తీసేశావా? ఎవరినడిగి తీసేశావ్? ఇంటిల్లిపాదికీ టీవీలో వేసి చూపించినప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా?"

"అది కాదు బాబాయ్, నీ పరువు..."

"నా పరువా! ఇంకా ఎక్కడుందే అది? కనిపిస్తే చెప్పు, ఈ పెట్టెల్లో పెట్టి మేకు కొడతా!" ఆయన గొంతుకి హమాలీలు పని ఆపి చూశారు. "నాకు తెలీదనుకున్నావా? నొక్కగానే తెలిసింది. నీ పుణ్యమా అని ఆ మాత్రం తెలివొచ్చింది. ఫోను మీద చెయ్యి కూడా వేశా. ఎందుకెత్తలేదో తెలుసా? నీ నవ్వు వినపడింది నాకు. మళ్ళీ అందరూ పళ్ళికిలిస్తారని నోరు మూసుకున్నా. ఆ రోజు నువ్వు నవ్వకపోయుంటే నేను చెప్పేవాణ్ణే!"

పిచ్చుక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏడవకు! ఏడిస్తే నాకింకా ఒళ్ళు మండుతుంది."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"రాస్తే మొత్తం రాయి. మూడుసార్లు నొక్కానని రాయి. ఆఫీసులో నొక్కి దాచానని రాయి. ఎందుకు దాచానో రాయి. నువ్వు నవ్వావని కూడా రాయి."

"నా తప్పు నేనే రాసుకెళ్తే ఉద్యోగం ఎవరిస్తారు బాబాయ్? ఇంటర్వ్యూలో ఎవరైనా అలా చెప్పుకుంటారా?"

"ఇవ్వకపోతే మానెయ్యమను! సగం రాసి నన్నొక్కణ్ణే వెధవని చెయ్యకు."

ఆమె కాగితాలు మడుచుకుని వెళ్ళిపోయింది. వెళ్ళాక ఆయనకు తన మీద తనకే కోపం వచ్చింది. పసిపిల్ల నోటి దగ్గర కూడు లాగేస్తున్నానా అని. ఫోను చేసి, సరేలే తీసెయ్ అందామనుకున్నాడు. కానీ ఆ నవ్వు గుర్తొచ్చి పళ్ళు నూరుకున్నాడు. ఇంటర్వ్యూ రోజు పొద్దుట్నుంచీ హమాలీల మీద ఊరికే ఎగిరిపడ్డాడు. ఒకడు పెట్టె తలకిందులుగా దింపితే వాడికి తలంటు పోసేశాడు. అంతలో ఫోను మోగింది. తెలియని నంబరు.

"అయ్యా, మీ అమ్మాయి ఇంటర్వ్యూ మా దగ్గరే జరుగుతోంది. మీతో రెండు మాటలు మాట్లాడాలి." పెద్దావిడ గొంతు.

"మీరెవరో నాకేం తెలుసు? ఇలాంటి ఫోన్లు చాలా చూశాను. ముందు పిల్లకివ్వండి."

"నేనే బాబాయ్."

"నువ్వే అని ఏంటి నమ్మకం? గొంతులు కూడా మారుస్తున్నారట ఈ మధ్య. చిన్నప్పుడు నేనేమని పేరు పెట్టాను?"

అటుపక్క చిన్నగా వినిపించింది. "పిచ్చుక."

"ఊఁ. ఇప్పుడు చెప్పండి."

పెద్దావిడకి ముచ్చటేసినట్టుంది. "ఫోను స్పీకర్లో పెట్టానండీ, అందరం వింటున్నాం. ఇక్కడికొచ్చే పిల్లలు చేతినిండా కాగితాలు తెస్తారు, సగం కొనుక్కున్నవే. మీ అమ్మాయి తెచ్చింది మాత్రం ఎక్కడా కొనుక్కునేలా లేదు. అందుకే కల్పించి రాసిందేమోనని మాకు అనుమానమొచ్చింది. కావాలంటే మిమ్మల్నే అడగమని నంబరు తనే ఇచ్చింది. ఉత్తమ ఉద్యోగి మెయిలు, మూడుసార్లు నొక్కడం, అంతా నిజమేనా?"

వెనకాల ఎవరో మగమనిషి ఫక్కుమన్నాడు.

"ఎవడు వాడు నవ్వేది?" గోడౌను దద్దరిల్లింది. "మీ దగ్గర చదువుకున్నవాళ్ళే ఉంటారనుకున్నానే! నొక్కాను. మూడుసార్లు నొక్కాను. జన్మంతా ఒక్క మంచి మాట కోసం మొహం వాచి ఉన్నాను కాబట్టి నొక్కాను. నవ్వండి!"

అటుపక్క ఎవరో కాగితం తిప్పారు.

"నవ్వానని కూడా రాసిందండీ మీ అమ్మాయి," అంది పెద్దావిడ మెల్లగా. "అదీ నిజమేనా?"

రాసింది! బాబాయ్ పక్కనున్న పెట్టె మీద కూర్చున్నాడు.

"నవ్వింది. పగలబడి నవ్వింది. నా కుర్చీ పోవడంలో దాని వాటా ఉంది, అబద్ధమెందుకు?"

"అలాంటమ్మాయిని మా దగ్గర ఫోను ముందు కూర్చోబెట్టమంటారా? తప్పు చేసి భయపడేవాళ్ళే మాకు ఫోను చేస్తారు మరి."

ఆయనకు మళ్ళీ కోపమొచ్చింది. కానీ ఈసారి అది పిల్ల మీద కాదు.

"చూడమ్మా, నాకు మెహర్బానీ మాటలు రావు. నేను మళ్ళీ అలాంటిది నొక్కుతాను. నా సంగతి నాకు తెలుసు. నొక్కిన మరుక్షణం ఎవరికి ఫోను చేస్తానంటే, దానికే చేస్తా. తిడుతూ చేస్తా, కానీ దానికే చేస్తా. ఇంకెవరికీ చెయ్యను."

ఎవరో కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైంది.

"సోమవారం నుంచి రమ్మంటున్నామండీ," అంది పెద్దావిడ.

"నాకెందుకు చెప్తారు? దానికి చెప్పండి."

"వింటోందండీ. ఏడుస్తోంది."

"ఏడవనివ్వండి," అన్నాడు బాబాయ్. "ఎవరూ నవ్వకండి."