కారణాల పుస్తకంలో నా మూడో సంతకం

పోయిన బుధవారం పొద్దున మా ఇంట్లో జరిగిన ఒక మీటింగు చూసి నాకు వచ్చిన నవ్వు ఇంకా పూర్తిగా తగ్గలేదు. మా అక్క కూతురు హైటెక్ సిటీలో నిలువెల్లా అద్దాలు బిగించిన ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు. ప్రగతి నగర్ చెరువుకి రెండు వీధుల అవతల ఉన్న మా ఫ్లాట్‌లోనే నాతోపాటు ఉంటుంది. ఆ రోజు దానికి సెలవు. డైనింగ్ టేబుల్ మీద ఆవకాయ జాడీకి సెల్‌ఫోన్ ఆనించి, తలకి కొబ్బరినూనె పట్టించుకుంటూ, మధ్యమధ్యలో ఉప్మా తింటూ కూర్చుంది. ఫోన్‌లోంచి ఎవరో ఒకావిడ క్రమశిక్షణ గురించి, చేతులు కడుక్కోవడం గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతోంది. ఏమిటే అది అని అడిగితే, మీటింగు పిన్నీ, అందరూ తప్పనిసరిగా ఉండాలి, అంది. తన పేరు పిలవగానే నూనె చేత్తోనే ఫోన్ మీద నొక్కి, ఎంతో వినయంగా పలికి, మళ్ళీ నొక్కేసి, ఉప్మాలో జీడిపప్పు ఏరుకోవడంలో పడిపోయింది. ఇదా తప్పనిసరి మీటింగు అని నేను పగలబడి నవ్వాను.

తెల్లచీర కట్టి, గంజి పెట్టిన టోపీ నెత్తిన పిన్నులతో బిగించుకుని, ఛాతీ మీద గడియారం తగిలించుకుని ఉద్యోగాలు చేసిన నా ఈడువాళ్ళకి ఆ నవ్వు ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. కానీ ఈ పిల్లకి చెప్పాలిగా. నూనె చేతులతోనే నా కొంగు పట్టుకుని చెప్పేదాకా వదల్లేదు.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మెట్రో రైలు అన్న మాటే మా చెవిన పడలేదు. ఇప్పుడు హైటెక్ సిటీ అంటున్న వైపంతా బండరాళ్ళూ తుమ్మచెట్లూ. అక్కడేదో గుండ్రంగా పెద్ద భవనం కడుతున్నారట, అందులో అందరూ కంప్యూటర్ల ముందు కూర్చుంటారట అని మా బాబాయి వింతగా చెప్పేవాడు. ఆయన జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నిజాంపేటలో వాళ్ళ అద్దె ఇంట్లో ఉంటూ నేను మియాపూర్ దగ్గర రోడ్డు మీదున్న ఒక వంద పడకల ఆసుపత్రిలో చేరాను. గుంటూరు వైపు మా ఊళ్ళో మా నాన్నకి బట్టల కొట్టు ఉండేది. నేను నర్సు కోర్సు చదవడమే ఆయనకి ఇష్టం లేదు. ఆరు నెలల్లో ఉద్యోగం ఖాయం కాకపోతే మారుమాట్లాడకుండా తిరిగొచ్చి కొట్లో జాకెట్టు ముక్కలు మడతపెట్టాలన్న ఒప్పందం మీద పంపించారు. నాకేమో వార్డులో అడుగుపెట్టిన మొదటి రోజే ఇక ఇదే నా చోటు అనిపించింది, ఆ జాకెట్టు ముక్కలు తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

మా మేట్రన్ గారిదీ మా వైపే. పొట్టిగా, చీర కుచ్చిళ్ళు స్కేలు పెట్టి గీసినట్టు ఉండే మనిషి. ఆవిడకి ఒక చిత్రమైన అలవాటు ఉండేది, కోపం వచ్చినకొద్దీ నోట గౌరవం పెరిగేది. మామూలప్పుడు ఏమ్మా అని పిలిచే మనిషి ఏమండీ అన్నారంటే ఆ రోజుకి మన పని అయిపోయినట్టే.

ప్రతి సోమవారం ఉదయం ఏడున్నరకి మా మీటింగు. సెలవులో ఉన్నవాళ్ళు కూడా యూనిఫారం వేసుకుని రావలసిందే, రాత్రి డ్యూటీ వాళ్ళు మాత్రం మీటింగు అయ్యేదాకా వార్డులు చూసుకోవాలి. ఏడూ ఇరవైకి అటెండరు గంట కొట్టేవాడు, ఏడున్నరకి తలుపు మూసేవాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు గుమ్మంలోనే నిలబడి ఎందుకు ఆలస్యమైందో అందరికీ వినపడేలా చెప్పాలి. ఆ మాటల్ని ఆవిడ ఒక్క అక్షరం మార్చకుండా ఒక పొడుగాటి అట్టపుస్తకంలో రాసి, పైకి చదివి, కింద సంతకం పెట్టించుకునేవారు. దాన్ని మేము కారణాల పుస్తకం అనేవాళ్ళం. చీర కుచ్చిళ్ళు సైకిల్ చైనులో పడ్డాయి అని ఒకావిడ, నిద్రపోయాను అంతే అని ఇంకొకావిడ, ఇలా ఆ పుస్తకంలో మా అందరి బతుకులూ ఉండేవి. పాతవాళ్ళకి అది నవ్వులాట. ఉద్యోగం ఖాయం కాని మాలాంటి వాళ్ళకి మాత్రం, ఆలస్యానికి మూడు సంతకాలు పడితే ఇంటికే.

నావి రెండు అప్పటికే పడ్డాయి. మొదటిది చేరిన నెలలోనే. బస్సు రాగానే జనం ఎగబడుతుంటే, తప్పిపోతుందేమోనన్న కంగారులో బోర్డు చూడకుండా నేనూ ఎక్కేశాను, అది తిన్నగా తీసుకెళ్ళి జీడిమెట్లలో దింపింది. అదే గుమ్మంలో చెప్పాను. మేట్రన్ గారు తలెత్తకుండా రాసుకుంటూ, జీడిమెట్ల ఎలా ఉందండీ అని అడిగారు. నేను అమాయకంగా, మందుల వాసనగా ఉందండీ అన్నాను. అందరూ నవ్వారు, ఆవిడ దాన్ని కూడా రాసుకున్నారు. రెండోది ఇంకా అన్యాయం. టోపీకి గంజి దట్టంగా పెట్టి గోడ మీద ఆరేస్తే, ఇంటివాళ్ళ మేక దాన్ని సగం నమిలేసింది. టోపీ లేకుండా రాకూడదు, ఇంకో టోపీ కోసం తోటి నర్సు ఇంటికి పరిగెత్తి వచ్చేసరికి తలుపు మూసేశారు. నా టోపీ మేక తినేసింది అని అంతమంది ముందు చెప్పడం ఎంత కష్టమో చెప్పినవాళ్ళకే తెలుస్తుంది.

ఇక మూడోది. ఆరు నెలలు నిండడానికి ఇంకా ఇరవై రోజులున్నాయి. ఆ సోమవారం నాది ఉదయం డ్యూటీ, ఏడింటికే వార్డుకి వచ్చి రోగుల జ్వరాలు చూస్తున్నాను. అప్పట్లో అవి గాజు థర్మామీటర్లు, లోపల పాదరసం, చంకలో పెట్టి ఐదు నిమిషాలు ఉంచాలి. చిట్టచివర కిటికీ పక్క మంచం మీద దగ్గుతో చేరిన ఒక ముసలాయన ఉండేవాడు. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీకి వాచ్‌మన్‌గా చేసి మానేసినవాడు, నన్ను బిడ్డా అని పిలిచేవాడు. ఆయన చంకలో థర్మామీటరు పెట్టి, చెయ్యి దగ్గరికి అదిమి, తాతా, నేను వచ్చి తీసేదాకా కదలకు అని చెప్పాను. సరిగ్గా అప్పుడే గంట కొట్టారు. అంతే, మీటింగు, పుస్తకం, మూడో సంతకం తప్ప నాకింకేమీ గుర్తులేదు, పరిగెత్తాను.

అందరికంటే ముందు వెళ్ళి రెండో వరసలో కూర్చున్నాను. తలుపు మూస్తుంటే గర్వంగా వెనక్కి తిరిగి చూశాను కూడా. ఆ రోజు మేట్రన్ గారు ఎత్తుకున్న విషయం థర్మామీటర్లు. ఈ నెలలో చాలా పగిలాయి, ఎవరి జేబులో ఏముందో చూపించండి అన్నారు. నేను జేబులో చెయ్యి పెట్టాను. కత్తెర తగిలింది, పెన్ను తగిలింది, థర్మామీటరు డబ్బా తగిలింది, అది ఖాళీగా ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

నిజం చెబుతున్నాను, నేను వెంటనే లేవలేదు. మీటింగు మధ్యలో లేచి వెళ్ళిన మనిషిని ఆ ఆసుపత్రిలో ఎవరూ చూడలేదు. ఆలస్యానికే సంతకం అయితే దీనికి ఇంకేముంటుందో. మా నాన్న, బట్టల కొట్టు, జాకెట్టు ముక్కలు కళ్ళ ముందు తిరిగాయి. ముందు వరసలో కూర్చున్న స్నేహితురాలు వెనక్కి తిరిగి నా మొహం చూసి సంగతి కనిపెట్టి, అప్పటికే చూపించేసిన తన థర్మామీటరుని మెల్లిగా నా ఒళ్ళోకి జార్చింది. దాన్ని చూపిస్తే చాలు, గండం గడిచిపోతుంది. మేట్రన్ గారు మా వరసలో ఇద్దరి అవతలే ఉన్నారు. ఆ గాజు నా వేళ్ళకి తగలగానే ముసలాయన దగ్గు గుర్తొచ్చింది. దగ్గు తెర వచ్చి అది పుటుక్కున విరిగితే ఆ గాజు ఎక్కడ గుచ్చుకుంటుంది, ఆ పాదరసం ఏమవుతుంది అన్న ఆలోచన వచ్చాక ఇక కూర్చోలేకపోయాను. స్నేహితురాలిది స్నేహితురాలికి ఇచ్చేసి లేచి నిలబడి, నా థర్మామీటరు పేషెంటు చంకలో ఉండిపోయిందండీ అని చెప్పి, జవాబు కోసం ఆగకుండా బయటికి ఉరికాను.

వార్డులో ముసలాయన నేను కూర్చోబెట్టిన చోటే, నేను పెట్టిన చెయ్యి పెట్టినట్టే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా టీ చల్లారి మీగడ కట్టింది. పక్కన వార్డు ఆయమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడి, "ఏంది సిస్టరమ్మా, ఈ తాత చాయ్ గూడ ముట్టలే. గింతసేపాయె, చెయ్యి లేపమంటే లేపడు" అని నా మీద విసుక్కుంది. తీసి ఆయమ్మకి ఇవ్వకపోయావా తాతా అన్నాను. ఆయన నాకేదో తెలియని సంగతి నేర్పుతున్నట్టు, "నువ్వొచ్చేదాక కదలొద్దన్నవు గద బిడ్డా. ముప్పై ఏండ్లు గేటు కాడ డ్యూటీ చేసిన. రిలీవర్ రాకుండ జాగ ఇడిశిపెడ్తనా" అన్నాడు. దగ్గు వచ్చినప్పుడల్లా రెండో చేత్తో ఈ చేతిని అదిమి పట్టుకున్నాడట. థర్మామీటరు చూస్తే జ్వరం లేదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి, ఆయన మాత్రం చల్లారిన టీ తాపీగా తాగాడు.

తిరిగి వెళ్ళేసరికి మేట్రన్ గారి ముందు పుస్తకం తెరిచి ఉంది. గుమ్మంలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. రోగి పిలిచాడంటే చాలు, సంతకం లేకుండా పోతుందని ఆ క్షణంలో తోచకపోలేదు, కానీ ఆ తాత మొహం చూసి వచ్చాక నోరు రాలేదు. థర్మామీటరు రోగి చంకలో మరిచిపోయాను, గుర్తొచ్చి వెళ్ళాను, అని ఆవిడ రాసి పైకి చదివారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. కింద నా మూడో సంతకం పెట్టాను.

డ్యూటీ దిగే వేళకి పిలుపొచ్చింది. ఆవిడ అప్పటికే వార్డుకి వెళ్ళి ముసలాయనతో మాట్లాడి వచ్చారు. "ఆ తాత గేటు దగ్గర ముప్పై ఏళ్ళు డ్యూటీ చేశాడటండీ. ఇవాళ మీ డ్యూటీ కూడా ఆయనే చేశాడండీ" అన్నారు. రెండు అండీలు. నేను తల వంచుకుని జాకెట్టు ముక్కలకి సిద్ధపడిపోయాను. ఆవిడ పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పి, "మూడు సంతకాల లెక్క ఆలస్యంగా వచ్చినవాళ్ళకి. నువ్వు టైముకే వచ్చి మధ్యలో లేచి వెళ్ళావు. నా మీటింగులోంచి లేచి వెళ్ళే ధైర్యం ఎవరికైనా ఉంటుందని నేను అనుకోలేదు, అందుకని దానికి రూలు రాయలేదమ్మా" అన్నారు. అమ్మా అన్న ఆ మాటతో నా ఉద్యోగం ఉందని తెలిసిపోయింది. అక్కడే నిలబడి భోరున ఏడ్చాను, ఆవిడ ఏమీ ఎరగనట్టు ఫైలు చూసుకున్నారు.

శిక్ష మాత్రం తప్పలేదు. నా వంతు మంచాలు ఎనిమిది. నెల రోజులపాటు ముప్పావుగంట ముందే వచ్చి, ఒక్కొక్క మంచం పక్కన ఇనప స్టూలు వేసుకుని, థర్మామీటరు తీసేదాకా ఐదు నిమిషాలూ అక్కడే కూర్చోవాలి. మొదటి రెండు రోజులూ నాకూ వాళ్ళకీ ఏం మాట్లాడాలో తెలియలేదు. మూడో రోజు నుంచి వాళ్ళే మొదలుపెట్టారు. మాత్రలు మింగకుండా దిండు కింద దాస్తున్న ఆయన, ఆపరేషను అంటే భయమని భార్యకి చెప్పలేక నాకు చెప్పిన ఆయన, అందరూ ఆ స్టూలు మీదే నాకు తెలిశారు. ముసలాయన నాకు ఏ బస్సు ఎటు పోతుందో నేర్పాడు, ఇంటికి వెళ్ళే రోజు, ఉద్యోగం పోతదని ఫికర్ చెయ్యకు బిడ్డా అని ధైర్యం చెప్పి మరీ వెళ్ళాడు. నెల అయిపోయింది, నేను స్టూలు తిరిగి ఇవ్వలేదు, ఆ ఉద్యోగం మానేదాకా ఇవ్వలేదు.

ఇదంతా వినడంలో పడి మా అక్క కూతురు మీటింగు చివర రెండోసారి పేరు పిలిచినప్పుడు పలకలేదు. పలకనందుకు ఫోన్ కారణం రాయమంటే, మా పిన్ని తన మీటింగు గురించి చెబుతోంది అని ఉన్నదే టైపు కొట్టింది. మా మేట్రన్ గారైతే దాన్ని పైకి చదివి ఉండేవారు.

మా ఆసుపత్రి ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, దాని ఎదురుగా మెట్రో వెళ్తుంది. మా అక్క కూతురి ఆసుపత్రిలో జ్వరం చూసే మెషీన్ నుదుటికి చూపిస్తే చాలు, రెప్పపాటులో అంకె వచ్చేస్తుంది, మరిచిపోవడానికి ఏమీ మిగలదు. మంచిదే, గాజు పగలదు, ఎవరి ఉద్యోగమూ పోదు. కానీ ఆ ఐదు నిమిషాలు ఎటు పోయాయా అనుకుంటాను. పాపం ఈ పిల్లల చేతుల్లో లేదది, అంతమంది రోగులు, అంత కంప్యూటరు రాత.

నిన్న నాకు కాస్త ఒళ్ళు వెచ్చబడినట్టుంటే మా పిల్ల అలాంటి మెషీనే ఒకటి తెచ్చి నుదుటికి చూపించింది. అంకె వచ్చేసింది, జ్వరం లేదు. లేచి డ్యూటీకి వెళ్ళిపోతుందనుకున్నాను. వంటింట్లోంచి స్టూలు తెచ్చి మంచం పక్కన వేసుకుని, "ఇంకా ఐదు నిమిషాలు కాలేదుగా పిన్నీ" అంటూ కూర్చుంది. నేను చెయ్యి ఒంటికి ఆనించుకుని, అది లేవమనేదాకా కదలకుండా పడుకున్నాను.