పేరు తీసేసిన పేపరు

ఆ డాక్టరమ్మకి వైద్య పత్రిక ఆఫీసులో 'రంపం' అని పేరు. ముఖం మీద ఎవరూ అనరు లెండి, అంత ధైర్యం ఎవరికుంది? జబ్బుల గురించి ఏదైనా కొత్త సంగతి కనిపెట్టామని రాసి పంపితే, పత్రికవాళ్ళు వెంటనే అచ్చేసెయ్యరు. రాసినవాళ్ళ పేర్లు తీసేసి, ఆ విద్య తెలిసిన ఇద్దరు ముగ్గురు డాక్టర్లకి పంపుతారు. వాళ్ళు చదివి, ఇక్కడ తప్పుంది, అక్కడ లెక్క కుదరలేదు అని నిలదీస్తారు. రాసినవాళ్ళు ఒక్కో ప్రశ్నకీ జవాబు చెప్పుకోవాలి. అడిగిందెవరో వాళ్ళకి తెలియదు, రాసిందెవరో వీళ్ళకి తెలియదు. జీతం లేని చాకిరీ, పైగా పేరు కూడా రాదు. అందుకే చాలామంది ఏదో సాకు చెప్పి తప్పించుకుంటారు. ఊపిరితిత్తుల డాక్టరైన ఈవిడ మాత్రం ఎన్ని పంపినా కాదనేది కాదు, ఒక్కో వాక్యాన్నీ కోసి చూసేది.

కాదని ఏం చేస్తుంది పాపం! ఆసుపత్రి నుంచి వచ్చి తాళం తీస్తే, వచ్చావా అని అడిగే మనిషి లేదు. పొద్దుటి కూర వేడిచేసుకుని, కంచం కూడా తియ్యకుండా గిన్నెలోనే కలుపుకుని తినేసి, పత్రికవాళ్ళు పంపిన పేపరు ముందేసుకునేది. ముక్కూమొహం తెలియనివాళ్ళతో పేచీ పెట్టుకుంటే, నెల తిరిగేసరికి "మీరన్నది నిజమే" అని ఎవరో ఒకరు ఒప్పుకునేవాళ్ళు. మాటామంతీ అంటే ఆవిడకి అదే.

ఒక సెలవు రోజు పిల్లల ఉబ్బసం మీద పేపరొకటి వచ్చింది. కొలిచే మెషిన్లు లేని ఇళ్ళల్లో, పిల్లకి ఆయాసం ఎంతుందో తల్లి ఎలా తెలుసుకోవాలి అన్నది విషయం. పిల్ల చేత రెండో ఎక్కం గుక్క తిప్పుకోకుండా చెప్పించాలట. ఎక్కడ ఆగిందో చూసి, ఇంట్లో మందు చాలా, ఆసుపత్రికి పరుగెత్తాలా అన్నది తేల్చుకోవచ్చట.

చదువుతున్నదల్లా ఆగిపోయింది. గుక్క తిప్పుకోకుండా అంకెలు లెక్కపెట్టించడం డాక్టర్లందరికీ తెలిసిందే. ఎక్కం చెప్పించడం మాత్రం ఆవిడ ఎరిగినంతలో ఒక్క అమ్మే చేసేది. అమ్మ నర్సు. చిన్నది ఆయాసంతో వంటింటి గట్టు పట్టుకుని నిలబడితే, "ఏదీ, రెండో ఎక్కం చెప్పు తల్లీ" అనేది. రెండు మూళ్ళు ఆరు దగ్గరే ఊపిరందకపోతే, పెద్దదైన ఈవిడ చెప్పులైనా వేసుకోకుండా బండి కోసం వీధిలోకి పరుగెత్తేది.

ఇంకెవరిది ఈ పేపరు? చెల్లెలిదే.

అక్కచెల్లెళ్ళకి మాటల్లేక ఏళ్ళయింది. అమ్మ ఆఖరి రోజుల్లో, ఊపిరి మెషిన్ పెట్టి తీరాల్సిందేనని అక్క పట్టుబట్టింది. "వద్దక్కా, అమ్మని ఇంక హింస పెట్టకు" అని చెల్లెలు కాళ్ళావేళ్ళా పడింది. "నువ్వసలు డాక్టరువేనా?" అనేసింది అక్క, వార్డులో అందరి ముందూ. మెషిన్ పెట్టారు. అమ్మ ఆ గొట్టాలతోనే పోయింది. చెల్లెలు వేరే ఊరు వెళ్ళిపోయింది, మళ్ళీ ఫోను చెయ్యలేదు. ఈవిడా చెయ్యలేదు. పొగరు అనుకున్నారు అందరూ. సిగ్గని ఆవిడకొక్కదానికే తెలుసు.

రాసింది మనవాళ్ళని తెలిస్తే పేపరు మూసేసి ఎడిటరుకి చెప్పెయ్యాలి, అదీ రూలు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ రూలు నూరిపోసేది ఈవిడే. అలాంటిది ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. ప్రశ్నలు పంపితే చాలు, చెల్లెలు ఒక్కోదానికీ జవాబు రాస్తుంది. ఎవరో పరాయి మనిషికి రాస్తున్నాననుకునే రాయనీ, రాసేది చెల్లెలేగా! ఆ ఆశ ఆవిడని కుదురుగా ఉండనివ్వలేదు. ఆసుపత్రిలో రోగి గుండెల మీద స్టెతస్కోపు ఆనించి, ఏం వింటున్నదీ మర్చిపోయింది.

పేపర్లో తప్పు లేకపోలేదు. ఆయాసం ముదిరి నోట మాట రాని పిల్లల్ని లెక్కలోంచి తీసేశారు. అందుకే పద్ధతి అంత గొప్పగా కనిపిస్తోంది. ఇది నమ్మి ఏ తల్లయినా ఇంట్లోనే కూర్చుంటే బిడ్డ దక్కదు. ఆ సంగతే రాయబోయింది. "ఎంతో శ్రమపడి చేశారు, అయినా ఒక చిన్న మనవి" అని వచ్చింది. కొట్టేసి మళ్ళీ రాసింది. "బహుశా పొరపాటున" అని ఇంకా మెత్తగా వచ్చింది. చదువుకుంటే ఆవిడకే ఒళ్ళు మండింది. మనవేమిటి, చిన్నదేమిటి, పసిపిల్లల ప్రాణాలైతే!

రాసిందంతా చెరిపేసి ఎడిటరుకి ఫోను చేసింది.

"ఈ పేపరు నేను చూడకూడదండీ. రాసింది మా చెల్లెలని తెలిసిపోయింది. తెలిసీ వెంటనే చెప్పలేదు, తప్పు నాది. ఇంకెవరికైనా ఇవ్వండి. మాట రాని పిల్లల్ని లెక్కలోంచి ఎందుకు తీశారో గట్టిగా అడగమనండి. మొహమాటపడొద్దనండి."

"అసలు తప్పు మాది మేడం," అన్నాడు ఎడిటరు. "పంపేటప్పుడే ఆవిడ రాశారు, మీకు మాత్రం ఇవ్వొద్దని. మావాళ్ళు చూసుకోలేదు."

చెల్లెలింకా క్షమించలేదనుకుంది డాక్టరమ్మ. చచ్చేదాకా పోదా ఈ కోపం? అడగకూడదని తెలిసీ అడిగేసింది. "ఎందుకొద్దంది?"

ఎడిటరు కాస్త నసిగాడు. "'ఆవిడ మా అక్క. పేరు తీసేసినా నన్ను ఇట్టే పోల్చుకుంటుంది' అని రాశారు మేడం. అంతే."

"అవునండీ," అంది. ఫోను పెట్టేసింది.

మా అక్క అని రాసింది! ఇన్నేళ్ళ తర్వాత, ఎవరూ అడక్కుండానే. ఏడుపొచ్చింది, దాంతోపాటే నవ్వూ వచ్చింది. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోకపోతే గుండె పగిలిపోయేలా ఉంది. ఎవరున్నారా అని వెతుక్కుంటే చెల్లెలొక్కతే కనిపించింది. కానీ పేపరు ఎవరి దగ్గరికి వెళ్ళిందన్నది రాసినవాళ్ళకి చేరకూడదని రూలు.