గుడ్లు పెట్టే తాబేళ్లు

“...అంటే పిల్ల తాబేళ్లు తాబేళ్లు కావా అక్కా?” అన్నాడు జాబితా రాసే గుమస్తా.

“బతికితే అవుతాయి తమ్ముడూ. ఆలు లేదు చూలు లేదు, కొడుక్కి పేరు పెట్టినట్టుంది నీ లెక్క.”

ఇరవై ఆరేళ్లుగా నది ఒడ్డున తాబేళ్లను లెక్కపెట్టడమే ఆమె ఉద్యోగం. ఆఫీసులో అందరూ తాబేలక్క అంటారు. ఆమె ప్రతి డొప్పనూ చేత్తో కొలుస్తుంది. జానెడు మీద నాలుగు వేళ్లు లేకపోతే అది ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రాలేదని అర్థం. ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో దేశపు జాబితాలో తేల్చేది ఆ వయసుకొచ్చిన వాటి సంఖ్యే. అది రెండు వందల యాభై దాటితే ప్రమాదం తగ్గినట్టు లెక్క. అప్పుడు, అవి గుడ్లు పెట్టుకోడానికని మూసి ఉంచిన ఇసుక తిన్నెలను ఇసుక తవ్వుకెళ్లే లారీలకు తెరుస్తారు.

“పిల్లల్ని కలిపితే మూడు వందల పది,” అన్నాడు గుమస్తా. “నువ్వు రిటైరయ్యేది వచ్చే నెల. నీ హయాంలోనే పెరిగాయని సన్మానం చేస్తారట. డైరెక్టరుగారు ఉపన్యాసం కూడా రాయించుకున్నారు.”

“దాచుకోమను. ఎప్పుడో నిజంగా పెరిగినప్పుడు పనికొస్తుంది.”

ఆమె నోటుపుస్తకంలోని గీతలను మరోసారి లెక్కపెట్టి, ఫారం అతని ముందుకు జరిపింది.

“నూట తొంభై రెండు అని రాయి. సంతకం నేను పెడతాను.”