ఎన్ని సీసాలు ఎక్కించారు?

ఈ ప్రయాణం చేసేనాటికి నాకు అక్షరాలు రావు. బస్సు బోర్డు కూడా పక్కవాళ్లను అడిగి ఎక్కేదాన్ని. తర్వాత వయోజనుల బడిలో నేర్చుకున్నాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. శ్రీముఖలింగం వైపు నుంచి శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు పనికొస్తుంది.

ఆ రోజు ఉదయం ఏడింటికి మా ఆయన కొబ్బరి మట్టలు నరుకుతుంటే కత్తి జారి పిక్కలో దిగింది. తువ్వాలు కట్టి ఆటోలో ఎక్కించాం. మా ఆడపడుచు అప్పలనర్సమ్మ కూడా వచ్చింది. ఆటోలో కాలు చాపి పడుకోవడానికి చోటుండదు. ఆయన కాలు నా ఒళ్లోనూ, తల చెల్లెలి ఒళ్లోనూ పెట్టుకొని ప్రయాణం చేశాడు. నరసన్నపేటలో ఒక చిన్న క్లినిక్ ముందు దిగాం.

మా వైపు రోగిని చూడటానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది ఎన్ని సీసాలు ఎక్కించారని. సెలైన్ సీసాలు ఎన్ని ఎక్కితే వైద్యం అంత బాగా జరిగినట్టు. క్లినిక్ ఆయన కట్టు మార్చి, రెండు సీసాలు ఎక్కించి, ఇక శ్రీకాకుళం తీసుకుపొమ్మన్నాడు. అప్పలనర్సమ్మ కదల్లేదు.

"రెండేటి? మా తోటికోడలికి ఒట్టి జొరానికే మూడెక్కించారు. మా అన్న మనిసి కాడేటి?"

క్లినిక్ ఆయన వాదించకుండా ఇంకో రెండు ఎక్కించాడు. మా ఆయన కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగాడు. అప్పలనర్సమ్మ నావైపు గెలిచినట్టు చూసింది. అంతలో కట్టు మళ్లీ తడిసింది. పొద్దున పెరట్లో పడ్డ నెత్తురు చూస్తుండగానే గడ్డకట్టింది. ఇది పలచగా, ఆగకుండా పారుతోంది.

క్లినిక్ వాళ్లు పిలిపించిన అంబులెన్సులో హైవే మీద కుదుపుల్లేవు. ఆయన చేతులు మాత్రం మంచు ముక్కల్లా ఉన్నాయి. ఊళ్లు దాటుతున్నాయి. ఏ ఊరో నేను అడగలేదు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టరమ్మ గాయాన్ని గట్టిగా అదిమి పట్టించి, ఆయనకు దుప్పటి కప్పించి, సెలైన్ ఎంత ఎక్కించారని అడిగింది.

"నాలుగు సీసాలమ్మా," అంది అప్పలనర్సమ్మ గొప్పగా.

డాక్టరమ్మ మెచ్చుకోలేదు. నావైపు తిరిగి ఏం పని చేస్తావంది. పాలు పోస్తానన్నాను.

"పాలలో నీళ్లు ఎక్కువైతే పెరుగు తోడుకుంటుందా?"

"మా వదినకి బాగా తెల్సమ్మా ఆ సంగతి," అంది అప్పలనర్సమ్మ.

"రక్తమూ అంతే. పోయిన రక్తానికి బదులు నీళ్లే పోస్తూ ఉంటే, గడ్డకట్టించే సరుకు పలచబడిపోతుంది. ఒళ్లు చల్లబడితే మరీ కష్టం. విరేచనాలైతే సెలైనే ప్రాణం నిలుపుతుంది. ఇప్పుడు ఈయనకు కావలసింది రక్తం, ప్లాస్మా."

తమ దగ్గర ఉన్నవి ఎక్కిస్తామనీ, బదులుగా మాలో ఒకరు రక్తం ఇస్తే మంచిదనీ అన్నారు. నాకు రక్తం తక్కువని తేలింది. అప్పలనర్సమ్మ సూదిని చూసి గోడకు అంటుకుపోయింది.

"మా అన్న బతుకుతాడా, ఏటి?"

"ఆ పనిలోనే ఉన్నాం," అంది నర్సు.

"అయితే తియ్యే. ఇటు సూడను, తీసుకో."

మధ్యాహ్నం ఆసుపత్రి ఎదుట ఉప్మా తిన్నాం. ఉప్పు తక్కువ. అప్పలనర్సమ్మ తన ప్లేటూ, నా ప్లేటూ తినేసింది. కుట్లు వేశారు. సాయంత్రానికి కట్టు పొడిగా ఉంది. ఆమె దాన్ని తడిమి తన వేళ్లు చూసుకుంది. మళ్లీ తడిమింది. అప్పుడు ఏడ్చింది.

వారం తర్వాత శ్రీకాకుళం కాంప్లెక్సు బస్టాండులో పొద్దుటి బస్సెక్కాం. కాలు చాపుకోవాలంటే ముందు సీటే పట్టండి. పక్క సీటు ముసలమ్మ ఆయన కట్టు చూసింది.

"ఎన్ని సీసాలెక్కించారే అమ్మా?"

నేను నోరు తెరిచేలోగా అప్పలనర్సమ్మ అందుకుంది.

"ఒకటే. నాది."

ఆసుపత్రి మంచిదే. వెళ్లేవాళ్లు గాయాన్ని గట్టిగా అదిమి పట్టుకొని నేరుగా వెళ్లండి, దారిలో సీసాల కోసం ఆగకండి.

మర్నాడు పొద్దున్నే మా ఊరి ఆర్ఎంపీ గారు నీరసానికి మంచిదని ఒక సీసా పట్టుకొని వచ్చారు. మా ఆయన ఆశగా చెయ్యి చాపాడు. నేను ఆర్ఎంపీ గారిని అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుడు మజ్జిగ ఇచ్చి, సీసాతో సహా సాగనంపాను. మజ్జిగలో నీళ్లు మాత్రం ధారాళంగా పోశాను.