తంగేడుకు తాళం

మా రాళ్లకుంటపల్లెలో ఒక పార్కు ఉంది. సర్కారు దానికి పల్లె ప్రకృతి వనం అని పేరు పెట్టింది కానీ, ఊళ్లో అందరూ సిద్దిరాములు పార్కు అనే అనేవాళ్లు. కల్వకుర్తి నుంచి వచ్చే ఆటో దిగగానే ముందు అదే కనబడుతుంది. పచ్చరంగు కమాను, కమాను మీద నెమలి బొమ్మ, కింద గేటు, గేటుకు తాళం. ఆ తాళం వేసేదీ, తీసేదీ, పొద్దునా సాయంత్రం గుడ్డతో తుడిచేదీ సిద్దిరాములే. నేను ఈ ఊరి అంగన్‌వాడీ టీచర్ని. నా పిల్లల్ని ఒక్క పూట ఆ పార్కులో ఆడించుకోనిమ్మని ఆ మనిషిని ఏళ్ల తరబడి బతిమాలినదాన్ని. కాబట్టి ఆయన గురించి నాలుగు మాటలు అనడానికి నాకు హక్కుంది.

సిద్దిరాములు సాలోళ్ల మనిషి. మగ్గం నేసినన్నాళ్లూ చీర పూర్తయ్యేదాకా ఎవరినీ దాని దగ్గరికి రానిచ్చేవాడు కాదట. పిల్లలు పోగు తెంపుతారని మగ్గం గదికి గొళ్లెం పెట్టేవాడు. చీరలు కొనే సావుకార్లు రావడం మానేశాక మగ్గం విప్పి అటక మీద పడేశాడు. కల్వకుర్తిలో ఒక ఫంక్షన్ హాలుకు కొన్నాళ్లు కాపలా ఉన్నాడు. అక్కడ పెళ్లివాళ్లు కుర్చీలు లాగితే నేల గీసుకుపోతుందని వాళ్లతో తగాదా పెట్టుకుని తిరిగి ఇంటికొచ్చాడు. ఊళ్లో పార్కు పెట్టే కాలానికి ఇట్లాంటి మనిషి ఖాళీగా ఉన్నాడు. మా సర్పంచ్ రఘుపతి వెతుక్కునే పని లేకుండా ఆయన చేతికి తాళంచెవి ఇచ్చాడు.

పార్కు రాకముందు ఆ జాగాలో ఏముండేదో చెప్పాలి. గుట్ట కింద రాళ్ల నేల, దాని నిండా తంగేడు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. బతుకమ్మ పండుగకు సరిగ్గా పూసేది. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ పొద్దున ఊరి మగవాళ్లంతా సంచులు పట్టుకుని అక్కడికే పోయేవాళ్లు. పువ్వు తేవడం మగవాళ్ల పని, పేర్చడం ఆడవాళ్ల పని.

ఆ నేలనే పార్కుకు రాశారు. డోజర్ వచ్చి ఒక్క పూటలో తంగేడంతా పెకలించి గుట్ట పక్కకు నెట్టేసింది. నేల చదును చేసి గుంతలు తవ్వారు. నర్సరీ నుంచి ట్రాక్టర్లో మొక్కలు దిగాయి. గేటు పక్కన ముందు వరుసలో నాటిన మొక్కలేమిటా అని దగ్గరికి పోయి చూస్తే తంగేడు. వాటి ముందు సిమెంటు బోర్డు కూడా పెట్టారు. 'తంగేడు - మన రాష్ట్ర పుష్పం. పూలు కోయరాదు.'

నాకు నోరు ఊరుకోదు. రఘుపతిని అడిగాను.

"ఉన్న తంగేడు పీకేసి మళ్లీ తంగేడు పెట్టుడేంది సర్పంచ్ సాబ్?"

"గవి పిచ్చి చెట్లు టీచరమ్మా. గివి మొక్కలు" అన్నాడు ఆయన, నాకు చదువు చెబుతున్నట్టు.

ఆ రోజు నుంచి సిద్దిరాములు రాజ్యం మొదలైంది. పార్కు చుట్టూ లోపల నడవడానికి ఎర్రమట్టి బాట ఒకటి వేశారు. ఆయన పొద్దున్నే లేచి దాన్ని చీపురుతో గీతలు గీతలుగా ఊడ్చేవాడు. ఊడ్చాక దాని మీద కాలు పెట్టనిచ్చేవాడు కాదు. తానే బాట పక్కన గడ్డి మీద నడిచేవాడు. బెంచీలు ఏ ప్లాస్టిక్ కవర్లతో వచ్చాయో ఆ కవర్లతోనే ఉండేవి. ఊయలల్ని తాడుతో పైకి చుట్టి ఇనుప కమ్మీకి కట్టేశాడు, గాలికి ఊగి గొలుసులు అరుగుతాయని. మెడలో ఒక విజిల్ వేసుకున్నాడు. అది ఎవరూ ఇచ్చింది కాదు, జాతరలో సొంతంగా కొనుక్కున్నది.

పిల్లల్ని తీసుకొస్తానని నేను అడిగినప్పుడల్లా ఒకటే జవాబు.

"పిల్లలొస్తె బాటంత ఖరాబైతది టీచరమ్మా."

"పార్కు ఎవరి కోసం పెట్టిన్రు సిద్దిరాములన్నా?"

"పబ్లిక్ కోసమే. పబ్లిక్ జర ఆగాలె."

ఆగనివాడు ఒక్కడే, ముసలి ఐలేశం. ఆయనకు షుగరు. రోజూ నడవకపోతే కాలు తీసేయాల్సి వస్తుందని దవాఖానలో బెదిరించి పంపారు. నడవడానికి పార్కు ఉంది కదా అని వస్తే గేటు తీయలేదు. ఐలేశం మొండివాడు. కంచె బయట రోడ్డు అంచున పార్కు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. లారీలు హారన్ కొడుతుంటే పక్కకు తప్పుకుంటూ, దుమ్ము మింగుతూ ఈయన బయట తిరిగేవాడు. లోపల సిద్దిరాములు కూడా ఆయనకు సమానంగా నడుస్తూ, "కంచె మీద చెయ్యి పెట్టకు బావా, రంగు పోతది" అనేవాడు.

పబ్లిక్ వంతు రాలేదని అనను. పైనుంచి సార్లు తనిఖీకి వచ్చినప్పుడు మమ్మల్ని పిలిచేవాళ్లు. ఊయలలు విప్పేవాళ్లు, నా పిల్లల్ని ఎక్కించేవాళ్లు. ఐలేశాన్ని బాట మీద నడవమనేవాళ్లు, కెమెరాకు సరిపడేంత దూరం. ఫోటోలు అయ్యాక సార్ల జీపు మలుపు తిరగకముందే సిద్దిరాములు విజిల్ ఊదేవాడు. ఊయల దిగమంటే పిల్లలు ఏడ్చేవాళ్లు. ఏడ్చే పిల్లల్ని చంకనేసుకుని బయటికి నడిచిన ఆ రోజుల్లో నేను ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఇప్పుడు ఆయన భార్య వెంకటనర్సమ్మ గురించి. మా ఊళ్లో బతుకమ్మ అంటే ఆమెదే. తాంబాళంలో తంగేడు వరుస మీద వరుస పేర్చి, మధ్యమధ్య గునుగు పువ్వు పెట్టి, ఆమె లేపే బతుకమ్మ నడుము ఎత్తు ఉంటుంది. దాన్ని ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవదు. పాట చెప్పేదీ ఆమే. ఆమె ఒక చరణం అంటుంది, మిగతావాళ్లం అందుకుంటాం. అప్పటికప్పుడు మాట కట్టి ఊళ్లో ఎవరినైనా పాటలో పెట్టేస్తుంది. ఒక్క మొగుణ్ని తప్ప. ఆ తరం ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. ఆయన గురించి చెప్పాల్సి వస్తే కొడుకు పేరు పెట్టి 'శ్రవణ్ బాపు' అంటుంది.

తంగేడు లేకుండా పేర్చింది బతుకమ్మ కాదని వెంకటనర్సమ్మ పట్టుదల. డోజర్ వచ్చాక కూడా సిద్దిరాములు ఆమెకు లోటు చేయలేదు. రోడ్డు వెంట ఉన్న బీళ్లు తిరిగి ఎక్కడెక్కడి నుంచో ఇంత సంచి నింపుకొచ్చేవాడు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి, మనిషి పార్కు దగ్గర ఎంత పిసినారో ఇంటి దగ్గర అంత కాదు. కానీ ఒక సంవత్సరం వచ్చేసరికి బీళ్లన్నీ వెంచర్లు అయిపోయాయి. రాతి కడీలు పాతి, రంగుల జెండాలు కట్టి, ప్లాట్లు చేశారు. చుట్టుపక్కల తంగేడు అన్నది మిగిలితే పార్కులోనే మిగిలింది. నాటిన తర్వాత మొదటిసారి ఆ ముందు వరుస విరగబూసింది.

అదే సమయానికి ఇంకో కబురు. సద్దుల మరునాడు జిల్లా ఆఫీసరు దివాకర్ సారు వస్తున్నారట. మంచి పార్కును ఎంచి, దాని కాపలాదారుకు శాలువా కప్పుతారట. సిద్దిరాములు తంగేడు మొక్కల మీద దోమతెర కప్పాడు.

సద్దులకు ముందురోజు మేం ఆడవాళ్లం పది మందిమి గేటు దగ్గరికి పోయాం. ముందు వెంకటనర్సమ్మే నిలబడింది.

"ఇంత పువ్వు కోసియ్యి. పేర్చుకుంటం" అంది.

"సారు వచ్చి పోనీ. ఎల్లుండి మొత్తం మీకే ఇడిసిపెడ్త."

"ఎల్లుండి బతుకమ్మ ఆడుతరా ఎవరన్న?"

ఆయన బోర్డు చూపించాడు. ఆమెకు చదువు రాదని ఆయనకు తెలుసు. ఆమె కొంగు బిగించి వెనక్కి తిరిగింది. నాకు ఆ గేటును కాలితో తన్నాలనిపించింది. తన్నలేదు, పిల్లలు చూస్తున్నారు.

మరునాడు తెల్లవారుతుండగా రఘుపతి సిద్దిరాములుకు ఫోన్ చేశాడు. దివాకర్ సారు ఇంట్లో మేడం బతుకమ్మ పేర్చుకుంటుందట, టౌన్లో తంగేడు దొరకడం లేదట. జీపు పంపుతున్నారు, ఒక్క పువ్వు కూడా విడవకుండా కోసి పంపమన్నాడు. సిద్దిరాములు ఎదురు చెప్పలేదు. దోమతెర తీసి, చీరకు అంచు కత్తిరించినంత జాగ్రత్తగా పువ్వంతా కోసి, తడిగుడ్డ చుట్టి జీపులో పెట్టాడు. బోరింగు దగ్గర నీళ్లకు నిలబడ్డ ఆడవాళ్లందరూ చూశారు. కడవ నెత్తిన పెట్టుకుని వెంకటనర్సమ్మ కూడా చూసింది.

ఆయన పగలు బస్సెక్కి కల్వకుర్తి పోయి బంతిపూలు తెచ్చాడు. ఆమె వాటిని ముట్టుకోలేదు. పెరట్లో ఉన్న గుమ్మడి పువ్వు, కుంట గట్టు మీది గునుగు ఏరి, జానెడు బతుకమ్మ పేర్చింది. సాయంత్రం దాన్ని ఒక్కతే చేతుల్లో పట్టుకొచ్చింది. ప్రతి ఏడూ అంగడి జాగాలో ఆడేవాళ్లం. ఆమె అక్కడ ఆగకుండా నడిచి తెచ్చి పార్కు గేటు ముందు దించింది. మేమంతా ఆమె వెంట పోయి చుట్టూ నిలబడ్డాం. సిద్దిరాములు గేటు లోపల ఉన్నాడు. వెంకటనర్సమ్మ పాట ఎత్తుకుంది.

తంగేడు పూసింది ఉయ్యాలో
తాళమే ఏసిండ్రు ఉయ్యాలో
పూసిన పువ్వంత ఉయ్యాలో
జీపెక్కి పోయింది ఉయ్యాలో

మేం అందుకున్నాం. చప్పట్లు మామూలుకన్నా గట్టిగానే కొట్టాం. సిద్దిరాములు గేటు కమ్మీలు పట్టుకుని నవ్వబోయాడు. పాటలో ఊరివాళ్లను ఆడించడం ఆమెకు అలవాటే కదా అనుకున్నాడేమో.

కావలి ఉన్నోడే ఉయ్యాలో
చేతార కోసిండు ఉయ్యాలో
ఆలికే లేదంట ఉయ్యాలో
దొరసాని కిచ్చిండు ఉయ్యాలో

నవ్వు ఆగింది. ఆమె ఒక చుట్టు పూర్తిగా ఏమీ అనకుండా తిరిగింది. మేం చప్పట్లు కొడుతూనే ఉన్నాం. మళ్లీ గేటుకు ఎదురుగా వచ్చినప్పుడు తల ఎత్తి అంది.

వాని పేరేందమ్మ ఉయ్యాలో
సిద్దిరాములంట ఉయ్యాలో

ఎవరం అందుకోలేదు. చప్పట్లు కూడా చెదిరిపోయాయి. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటిన మనిషి, పురిట్లో నొప్పులు పడ్డప్పుడు కూడా ఆ పేరు అనలేదు. మేం నోళ్లు తెరిచి నిలబడితే ఆమే రెండోసారి కూడా అంది, పరాయివాడి పేరు చెప్పినట్టు చెప్పింది. తర్వాత బతుకమ్మను ఎత్తుకుని కుంట వైపు నడిచింది. ఆమె వెనకే మేమూ పోయాం. గేటు తీస్తున్న చప్పుడు వినబడింది కానీ ఎవరం వెనక్కి తిరగలేదు.

మరునాడు దివాకర్ సారు వచ్చారు. ఊయలలు విప్పారు. పబ్లిక్‌ను పిలిచారు. వెంకటనర్సమ్మ కూడా నిలబడింది. సారు ముందు వరుస దగ్గర ఆగారు.

"రాష్ట్ర పుష్పం అని బోర్డు పెట్టారు. పుష్పం ఏది?"

రఘుపతి తడబడలేదు. "ఊరి ఆడోళ్లు సార్. ఎంత చెప్పినా ఇనరు. పండుగ పేరు మీద మొత్తం కోసుకపోయిన్రు."

"మరి కాపలా మనిషి ఏం చేస్తున్నట్టు?"

రఘుపతి సిద్దిరాములు వైపు చూశాడు. ఊ అంటే చాలు. తాళంచెవి చేతిలోనే ఉంటుంది, శాలువా ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. సిద్దిరాములు మెడలో విజిల్ సర్దుకున్నాడు.

"ఆడోళ్లు కాదు సార్. నేనే కోసిన. మీ జీపులనే ఏసిన" అన్నాడు. తర్వాత చాలా మర్యాదగా అడిగాడు. "మేడంకు మంచిగ ముట్టినయా సార్?"

సారు ముఖం చూడాలి. పక్కనున్నవాళ్లంతా చెట్లను పరీక్షగా చూడటం మొదలుపెట్టారు. బాట మీద ఫోటో కోసం నిలబెట్టిన ఐలేశం మాత్రం దగ్గు వచ్చేదాకా నవ్వాడు. శాలువా వేరే ఊరికి పోయింది. వారం తిరగకుండా పార్కుకు కాపలా అవసరం లేదని రఘుపతికి తోచింది. తాళంచెవి వెనక్కి తీసుకున్నాడు.

సిద్దిరాములు అటక మీది మగ్గం దించాడు. నేసేది తువ్వాళ్లే, ఎంత కొంత నడుస్తోంది. పార్కు సంగతి వేరు. కొన్నాళ్లకు తాళం ఎవరో ఇనుప సామాన్లవాడికి అమ్ముకున్నారు. సర్పంచుల గడువు తీరింది, తనిఖీలూ ఆగాయి. నా పిల్లలు బెంచీల కవర్లు చించి నెత్తికి టోపీలు చేసుకున్నారు. ఊయలల్లో ఒకటి తెగింది, ఒకటి ఊగుతోంది. ఐలేశం లోపలే నడుస్తూ, మేకల పెంటికలు ఊడ్చే నాథుడు లేడని రోజూ తిడుతున్నాడు. ఆ మేకలే గుల్‌మొహర్‌ను, గన్నేరు తప్ప మిగిలిన పూలమొక్కల్ని మొదలంటా మేశాయి. తంగేడును మేక ముట్టదు. కాయలు పగిలి, గింజలు రాలి, ఎర్రమట్టి బాట నిండా మొలిచింది. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు.

పోయిన సద్దులకు పొద్దున్నే పిల్లల కోసం పువ్వు కోద్దామని పోతే సిద్దిరాములు అప్పటికే అక్కడ ఉన్నాడు. సంచి నిండింది. నేలకొరిగిన సిమెంటు బోర్డు మీద ఇంకో సంచి పరిచి దాని మీద కూడా పువ్వు పోశాడు. సాయంత్రం వెంకటనర్సమ్మ బతుకమ్మను ఇద్దరం పట్టుకుంటే గానీ లేవలేదు. దించిన చోటే ఆయన నిలబడి ఉన్నాడు.

"ఈసారి గూడ నా పేరు చెప్తవా ఏంది పాటల?" అని అడిగాడు, ఎటో చూస్తూ.

వెంకటనర్సమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుంది.

"నీ పేరెందుకు? పువ్వు తెచ్చినవు గదా" అని పాట ఎత్తుకుంది.